రెండు గొట్టాల నెత్తురుతో భూపాలపల్లి నుంచి

నెత్తురు తేవడానికి వెళ్తున్నానని చెప్తే మా అమ్మ ఫోన్లోనే ఉలిక్కిపడింది. ఏం చేయను, నా ఉద్యోగమే అది. మనిషి ఒంట్లోని రక్షణ వ్యవస్థ మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో పనిచేస్తాను, హైదరాబాద్‌లో. ఒంట్లోకి దూరిన క్రిముల్ని పట్టి చంపే తెల్లకణాలు కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఉండవు. పుట్టినప్పుడు బొద్దుగా, ముద్దుగానే ఉంటారు. కొన్ని నెలలకు దగ్గు పట్టుకుంటుంది, నోరు పూస్తుంది, ఏ మందుకూ తగ్గదు. అలాంటి పిల్లల్ని వెతికి, వాళ్లకు ఎందుకలా అవుతోందో కనుక్కోవడం మా పని.

వరంగల్ నుంచి ఒక పిల్లల డాక్టరు ఫోన్ చేశాడు. కొత్తగూడ అడవిలోని ఒక తండా నుంచి కమ్లి అనే లంబాడీ అమ్మాయి తన కొడుకును తెచ్చి చూపించిందట. ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. ఈ మూడోవాడికి పుట్టగానే వేసిన క్షయ టీకా పుండు ఇప్పటికీ మానలేదు. హైదరాబాద్ తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడుగానీ, తెలంగాణ కోసం సహాయ నిరాకరణ జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు. రైలు ఎప్పుడు నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి ఊరికి తిరిగి వెళ్లిపోయింది. పిల్లవాడు రాలేకపోతే వాడి నెత్తురైనా రావాలి అన్నారు మా సారు. ఎవరు వెళ్తారని అడగలేదు, నా వైపు చూశారంతే.

భయం రెండు రకాలు. ఒకటి, ఈ పరీక్షకు కణాలు బతికి ఉండాలి. తీసిన నెత్తురు ఒక పూటలో ప్రయోగశాలకు చేరాలి, మరీ అయితే మర్నాటికి. రెండోది, నాది తెనాలి. నోరు తెరిస్తే చాలు, ఊరు బయటపడిపోతుంది.

జనగామ: ఆగిన రైలు

సికింద్రాబాద్‌లో ఎక్కిన రైలు జనగామ దాకా బుద్ధిగా వచ్చి అక్కడ చతికిలబడింది. పట్టాల మీద జనం. కొందరు తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు, కొందరు డప్పుల చుట్టూ చేరి పాడుతున్నారు. ఎప్పుడు కదులుతుందని ఒక పెద్దాయన్ని అడగబోయి నోరు మూసుకున్నాను.

స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. ప్లేటు పది రూపాయలు. మా తెనాలిలో అల్లం పచ్చడి లేకుండా ఇడ్లీ పెడితే పెళ్లిళ్లే ఆగిపోతాయి. ఇక్కడ పల్లీల పచ్చడి పోసి, పైన ఎర్ర కారం చల్లి ఇచ్చారు. కళ్ల నీళ్లు పెట్టుకుంటూ తింటుంటే, పక్కనే చాయ్ తాగుతున్న మనిషి పలకరించాడు.

“ఎటు పోవాలె మేడమ్? జీపున్నది.”

అతను యాదగిరి. కొత్తగూడ అనగానే నన్ను ఎగాదిగా చూశాడు. నా చేతిలో ఉన్న నీలం డబ్బాను చూశాడు. పల్లెల్లో పోలియో చుక్కలు మోసుకు తిరిగే డబ్బా లాంటిదే అది. సంగతి చెప్పాను. మొత్తం విని, “ఆంధ్రనా?” అన్నాడు. తలూపాను.

“సరే, నడువుర్రి. గని ఒక్క షరతు. దారిల ఎవలు ఆపినా మీరు నోరు తెరవొద్దు. మాట్లాడేది నేను మాట్లాడుత.”

జీవితంలో నా నోటికి తాళం వేసిన మగవాడు అప్పటిదాకా ఇంకొకడు లేడు. ఒళ్లు మండిందిగానీ జీపెక్కాను.

మానుకోట: పచ్చిపులుసు మహిమ

నేరుగా పోయే దారిలో చెట్లు కొట్టి అడ్డం పడేశారు. తిరిగి తిరిగి కేసముద్రం మీదుగా వెళ్లాం. అక్కడి మార్కెట్ యార్డులో కాంటాలు ఆగిపోయి, మక్కలు, అంటే మన మొక్కజొన్నలు, కుప్పలుగా పడి ఉన్నాయి. రైతులు బస్తాల మీదే కూర్చుని వార్తలు వింటున్నారు. పంట అమ్ముడుపోక వాళ్లు దిగులుపడుతున్నారనుకున్నాను. “ఇన్నేండ్లు ఆగినం, నాలుగు రోజులు ఆగలేమా?” అన్నాడొకాయన యాదగిరితో. నేను కిటికీలోంచి ఆ మక్కల్నే చూస్తూ కూర్చున్నాను.

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అంటారు. అంతకు ముందు సంవత్సరం ఆంధ్ర నాయకుడొకరి యాత్రను ఆపడానికి ఆ స్టేషన్లో రాళ్లు పడ్డ సంగతి పేపర్లో చదివిన దగ్గర్నుంచి ఆ పేరు వింటేనే నాకు గుండె దడ. రాత్రికి బస చేసిన ఇల్లు యాదగిరికి ఎరుకైన వాళ్లదే. లోపలికి అడుగుపెట్టగానే ఆ ఇల్లాలితో, “నా చెల్లె అక్కా, పాపం మూగది” అనేశాడు. తిట్టడానికి కూడా వీల్లేని పరిస్థితి.

మూగదాన్నని ఆవిడ నాకు ఇంకో గరిటె అన్నం, ఇంకో ముద్ద పప్పు వేసింది. తర్వాత గిన్నెలో చల్లగా పచ్చిపులుసు పోసింది. కాచకుండా, చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి చేస్తారు. మా ఇంట్లో పులుసు అంటే పొయ్యి మీద గంటసేపు మరగాలి. ఒక్క గుక్క తాగాను.

“అబ్బ! ఎంత బాగుందండీ!”

యాదగిరి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ నా వంక చూసింది, యాదగిరి వంక చూసింది.

“మా పులుసుకు గింత మహిమ ఉన్నదని నాకే ఎరుక లేకపాయె. మూగోళ్లకు మాటలొస్తున్నయి” అంది. నవ్వుతూనే ఇంకాస్త పోసింది. “ఏ ఊరైతే ఏంది, తిను. గని పొద్దుగాల జల్ది ఎల్లిపోండ్రి. మా గల్లీల పోరగాండ్లు నా లెక్క నవ్వరు.”



కొత్తగూడ: ధర్మి అడిగిన ప్రశ్న

గూడూరు దాటాక అడవి. ఇప్పపూలు రాలే కాలం, తండాలో ఇళ్ల ముందు చాపల మీద ఆరబోసి ఉన్నాయి. ఆ తీపి వాసనకు తల తిరుగుతుంది. కమ్లి ఇల్లు దొరికింది, కమ్లి దొరకలేదు. ఆమె అత్త ధర్మి వాకిట్లో కూర్చుని పూలు ఏరుతోంది.

“ఆమె ఈడ లేదు బిడ్డా. మొగడు రమ్మంటె పిల్లగాన్ని తీస్కోని భూపాలపల్లి పోయింది. ఆడ బొగ్గు బాయిల కూలికి పోతడు వాడు. హోళీకి వస్తరు, ధుండు జెయ్యాలె గద.”

ధుండు అంటే ఏమిటని అడిగితే చెప్పింది. పోయిన హోళీ తర్వాత తండాలో పుట్టిన మగబిడ్డను నడుమ కూర్చోబెట్టి, నెత్తికి పైన కట్టె అడ్డంగా పట్టి, చుట్టూ మగవాళ్లు కట్టెలతో దాని మీద కొడుతూ పాడతారట. తండా మొత్తం వస్తుంది. బిడ్డను చేతుల్లోంచి చేతుల్లోకి మార్చుకుంటూ దీవిస్తారు, పూరీలు పంచుతారు. మా ఇళ్లలో బారసాల కూడా ఇంత సందడిగా జరగదు. వింటుంటే ముచ్చటేసింది, మరుక్షణం ఒళ్లు జలదరించింది. వాడి ఒంట్లో మేం అనుమానిస్తున్న లోటే ఉంటే, దగ్గే ముసలివాళ్లు, ముక్కు కారే పిల్లలు అందరూ ముద్దుపెట్టుకునే ఆ పండగ వాడి ప్రాణం మీదికి తెస్తుంది. హోళీకి ఇంక ఎన్నో రోజులు లేవు.

“పెద్దోనికి ధుండు జేసినం, నడిపోనికి జేసినం. ఇద్దరు పోయిండ్రు” అంది ధర్మి. ఏరుతున్న పూలు పక్కన పెట్టింది. “తండల అందరు మా కోడలి నెత్తురే మంచిది కాదంటున్నరు. నా కొడుక్కు మళ్ల పెండ్లి జెయ్యుమంటున్నరు. నువ్వు సదువుకున్నదానివి. ఎవలి నెత్తురు చెడ్డదో జర జూసి చెప్పు.”

ఈ జబ్బుల్లో ఒక రకం తల్లి నుంచే కొడుక్కి వస్తుంది. ఆ తల్లికి ఒంట్లో ఏ బాధా ఉండదు, తను మోస్తున్నదేమిటో ఆమెకే తెలియదు. అందులో ఆమె తప్పేమీ లేదు. అదంతా ఇప్పపూల చాప పక్కన కూర్చుని ఎలా చెప్పాలి? నేను తెచ్చే ఫలితం ఒక పిల్లవాణ్ని కాపాడొచ్చు, ఒక కాపురాన్ని కూల్చనూవచ్చు. తెలిశాక చెప్తానని లేచాను.

భూపాలపల్లి: రేకుల గది

నర్సంపేట, ములుగు మీదుగా వెళ్లేసరికి పొద్దు వాలింది. గనుల దగ్గర లారీలు వరసగా ఆగి ఉన్నాయి, కార్మికులు గుడారం వేసుకుని దీక్షలో కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే కమ్లి ఉండే గది వెతుక్కుంటూ వెళ్లాం. రేకుల కప్పు, లోపల పొయ్యి, పొయ్యి పక్కనే ఉయ్యాల. ఎన్నిసార్లు తుడిచినా గడప మీద బొగ్గు పొడి పేరుకుంటూనే ఉంది. కమ్లికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. పిల్లవాడు నన్ను చూసి నవ్వాడు. నోట్లో నాలుక మీద తెల్లగా పూత. ఎడమ భుజం మీద పుండు. నేనూ నవ్వుతూ చేయి ముందుకు చాపాను.

మొగుడు హరిలాల్ అడ్డం నిలబడ్డాడు.

“నడిపోనికి గూడ ఒక ప్రైవేటు దవాఖానల నెత్తురు తీసిండ్రు మేడమ్. తీసినంక ఏం జెప్పలే. వాడు పోయినంక గూడ ఏం జెప్పలే. మీరు గూడ గంతేనా?”

“మంచైనా చెడైనా నేనే ఫోన్ చేసి చెప్తానండి. ఇంకొకరితో చెప్పించను.”

నా యాస విని కూడా అతను దాని గురించి ఒక్క మాట అనలేదు. కమ్లి వంక చూశాడు. ఆమె పిల్లవాణ్ని ఒళ్లోకి తీసుకుని చేయి పట్టి నా ముందు పెట్టింది. ఆ సన్నటి చేతిలో నరం దొరకడం ఎంత కష్టమో చెప్పను. వాడు ఏడ్చాడు, ఆమె ఏడవలేదు. తర్వాత ఆమె చేతినుంచి కూడా తీసుకుంటానంటే, “నాదెందుకు?” అంది.

“పక్కన పెట్టి పోల్చి చూడ్డానికమ్మా.”

రెండు గొట్టాలూ వెలుగులో పెట్టి చూసింది. “రెండు ఒక్కతీరే ఉన్నయి గద మేడమ్” అంది ఆశగా. చూడ్డానికి అలాగే ఉంటాయి మరి.

గొట్టాలకు మెత్తటి గుడ్డ చుట్టి డబ్బాలో పెట్టాను. ఎండ తగలకూడదు, అలాగని చలి కూడా పనికిరాదు. మనిషి నీడపట్టున సుఖంగా కూర్చోగలిగినంత చల్లదనం చాలు. ఐసు తగిలితే ఈ కణాలు కొన్ని చచ్చిపోతాయి, కొన్ని కనిపించకుండా పోతాయి. తర్వాత ఏ లెక్కా నమ్మడానికి ఉండదు.

మళ్లీ జనగామ: రోడ్డు మీద వంట

పరకాల, హనుమకొండ ఎలాగో దాటాం. జనగామ ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు మొత్తం పొగ. ముందు ఏదో తగలబెట్టారనుకున్నాను. కాదు, వంట. వంటా వార్పు అంటారట దీన్ని. ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చి, హైవే నడిమధ్య రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు వేసి తింటారు. అందరూ తినేదాకా ఏ బండీ కదలకూడదు. మా ముందు లారీలు కనుచూపు మేర ఆగి ఉన్నాయి. ఎండ నడినెత్తిన ఉంది.

యాదగిరి దిగి బతిమాలాడు. కండువా కట్టుకున్న కుర్రాడు ఒకడు తల అడ్డంగా ఊపాడు. “అంబులెన్సైతే ఇడుస్తం. జీపెట్ల ఇడుస్తమన్నా? రేపు అందరు గట్లనే చెప్తరు. ఆమెనే మాట్లాడనీ. ఏముంది డబ్బల?”

ఇంక దాక్కుని లాభం లేదు. దిగాను. “చంటిపిల్లవాడి నెత్తురు బాబూ. సాయంత్రానికి హైదరాబాద్ చేరకపోతే వాడి జబ్బేమిటో తెలియదు. వాడి అన్నలిద్దరూ ఇలాగే పోయారు.”

కుర్రాడు డబ్బా వైపు, నా వైపు చూశాడు. “ఏ ఊరు మేడమ్?” అన్నాడు మెల్లగా. తెనాలి అన్నాను. వెనక నుంచి ఎవరో ఏదో కేకేశారు, ఇంకెవరో ఈల వేశారు. యాదగిరి నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఊరు సంగతి తర్వాత అడుగుదురు గని, ఎండల నిలబెట్టుడేందిరా ఆడివిల్లను?” అంటూ గరిటె పట్టుకుని ఒకామె జనాన్ని తోసుకుని వచ్చింది. పేరు నర్సమ్మ, పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. “నువ్వు దా అక్కా, రెండు ముద్దలు తిను. గీళ్లు లారీలు జరిపి తొవ్వ జేస్తరు. వంటా వార్పు కాడికొచ్చి తినకుండ పోతె మాకు మంచిగుంటదా?” కుర్రాడు ఏదో అనబోతే గరిటె చూపించింది. వాడు లారీల వైపు పరిగెత్తాడు.

విస్తట్లో వేడన్నం, వంకాయ కూర, పప్పుచారు. అక్కడ తినకపోతే మర్యాద కాదని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలాయన పిల్లవాడి గురించి అడిగాడు, తన మనవడికి తగ్గని దగ్గు గురించి చెప్పాడు. కాస్త ఊపిరి తీసుకున్నాను. మా తెనాలి పెళ్లి భోజనాల్లో కూడా ఇంత కొసరి కొసరి వడ్డించడం చూడలేదు.

చేయి కడుక్కుని జీపు దగ్గరికి వచ్చాను. డబ్బా సీటు మీద లేదు. జీపు నీడన, తడి గోనెసంచి మీద ఉంది. మూత తీశాను. లోపల నిండుగా ఐసు. గొట్టాలు రెండూ అడుగున కూరుకుపోయి ఉన్నాయి.

“ఎవరు పెట్టారిది? ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?” గొంతు చించుకుని అరిచాను. ఎక్కడున్నానో మర్చిపోయాను, ఎవరి మధ్యన ఉన్నానో మర్చిపోయాను.

నర్సమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నేనే అక్కా. సోడాబండి కాడ అడిగి తెచ్చి పోసిన. పోలియో ఆదివారం గీ డబ్బానే మోస్త నేను. ఐసు కరిగితె మందు ఖరాబైతదని మా మేడమ్ తిడ్తది. నీ డబ్బల ఐసు లేకపాయె, మర్సిపోయిందేమో అనుకున్న.”

“మంచి జేస్తె గిట్ల మీద పడుతదా? గీళ్ల బుద్ధే గంత!” అన్నారెవరో. జనం దగ్గరికి జరిగారు. యాదగిరి రెండు చేతులూ ఎత్తి, “అన్నా, జర ఆగుర్రి, జర ఆగుర్రి” అంటున్నాడు. నేను మాత్రం నర్సమ్మ వంకే చూస్తున్నాను. ఆమె చేసింది తప్పు కాదు. ఆమె చేతిలోకి వచ్చే ప్రతి డబ్బాకూ అదే సరైన పని. ఆ ఒక్క డబ్బాకే కాదు.

“అది మందు కాదమ్మా” అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. “బతికున్న నెత్తురు. చలికి చచ్చిపోతుంది.”

ఆమె ఎవర్నీ చూడకుండా డబ్బా ఎత్తి ఐసంతా రోడ్డు మీద కుమ్మరించింది. గొట్టాలు నా చేతిలో పెట్టి, డబ్బా లోపల కొంగుతో తుడిచింది. నేను గొట్టాల్ని పొడి తువ్వాలులో చుట్టాను. “పోరగాడు ఏమైతడు అక్కా? నా తోని ఏమన్న అయితదా వానికి?” అని అడుగుతూనే ఉంది. తెలియదని నిజమే చెప్పాను.

కండువా కుర్రాడు మోటారు సైకిలు తీశాడు. ఇంకో నలుగురు అతని వెంట బయల్దేరారు. హైదరాబాద్ దారిలో ఉన్న ప్రతి శిబిరానికీ ఫోన్ చేసి, జీపు నంబరు చెప్పి, ఆపొద్దన్నారు. భువనగిరి దాకా మా ముందు హారన్లు కొట్టుకుంటూ వచ్చారు. అక్కడ ఆగి చేయి ఊపిన ఆ కుర్రాడి పేరు కూడా నేను అడగలేదు.

హైదరాబాద్: తల్లి గొట్టం

సాయంత్రానికి చేరాం. తెల్లకణాల్ని వేరుచేసి, రంగులు పట్టించి, మర్నాడు పొద్దున యంత్రం ముందు కూర్చున్నాం. కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపించి, ఏది ఏ రకమో లెక్కపెట్టే యంత్రమది. ముందు పిల్లవాడి గొట్టం పెట్టాను. క్రిముల్ని గుర్తుపట్టే టీ కణాలు ఉండాల్సిన చోట తెర దాదాపు ఖాళీ.

“ఐసు వల్ల కావచ్చు సార్” అన్నాను.

నా పరిశోధన జీవితంలో మొదటిసారి నా నమూనా పాడైపోయి ఉండాలని కోరుకున్నాను. మళ్లీ వెళ్లమంటే మళ్లీ వెళ్తాను, మూగదానిలా నటిస్తాను, ఎవరి తిట్లైనా పడతాను. ఈ ఖాళీ మాత్రం నర్సమ్మ పోసిన ఐసుదే కావాలి.

తేల్చడానికి ఒకటే దారి. కమ్లి గొట్టం కూడా ఆ ఐసులోనే, అంతసేపే ఉంది. చలికి పిల్లవాడి కణాలు పోయి ఉంటే తల్లివీ పోయి ఉండాలి. చచ్చిన కణాల్లోకి మాత్రమే వెళ్లే రంగు కలిపి, ఆమె నమూనా పెట్టాను.

తెర నిండిపోయింది. ఏ రకం కణాలు ఎక్కడ ఎంత ఉండాలో అక్కడ అంత ఉన్నాయి, దాదాపు అన్నీ బతికే ఉన్నాయి. ఐసు ఏమీ చేయలేదు. నర్సమ్మ వల్ల ఏమీ కాలేదు. లోటు పిల్లవాడిదే. అంత ఆరోగ్యమైన నెత్తురు చూసి అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు నాకు.

హరిలాల్‌కు ఫోన్ చేశాను. అతను మొత్తం విని ఫోన్ కమ్లికి ఇచ్చాడు. ధుండుకు తీసుకెళ్లొద్దనీ, బయటివాళ్లెవర్నీ ఎత్తుకోనివ్వద్దనీ, దారి ఏర్పాటు చేస్తాం, హైదరాబాద్ రావాలనీ చెప్పాను. అన్నింటికీ “సరే” అంది. వెనక పిల్లవాడు దగ్గుతున్నాడు.

“నా నెత్తురు ఎట్లున్నది మేడమ్? చెడ్డదేనా?”

ఈ జబ్బు ఎవరి నుంచి వచ్చిందో తేలాలంటే ఇంకా పరీక్షలు ఉన్నాయి. అవి ఏం చెప్తాయోనని నాకు భయంగానే ఉంది. కానీ కళ్లారా చూసింది ఒకటి ఉంది.

“నీ నెత్తురు చాలా బాగుంది కమ్లీ. అది అంత బాగుండబట్టే వాడి సంగతి తెలిసింది.”

“నిజంగనా?”

“నిజంగా.”

“గట్లయితె నాది తీసి వానికి పెట్టుర్రి మేడమ్. ఎంత గావాల్నంటె గంత తీస్కోండ్రి.”

తల్లి ఎముకల్లోని మూలుగ తీసి బిడ్డకు పెట్టే వైద్యం ఒకటి నిజంగానే ఉంది. ఆ మాట నేనింకా ఆమెకు చెప్పనే లేదు.